ఏ అమ్మాయికి మర?

మా అత్తవారింట్లో పిల్లలకి పేర్లు ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. బారసాల చేస్తారు, పళ్ళెంలో బియ్యం పోసి ఉంగరంతో పేరు రాస్తారు, చుట్టాలందరికీ భోజనాలు పెడతారు. ఆ మర్నాటి నుంచి ఆ పేరు ఆధార్ కార్డుకీ రేషన్ కార్డుకీ తప్ప ఇంకెందుకూ పనికిరాదు. మా ఆయన పెద్దాడు. మా మరిది చిన్నాడు. మా ఆయన అక్కగారిని రాజోలు ఇచ్చారు కనక ఆవిడ భర్త రాజోలువారు. అత్తయ్యగారు మామయ్యగారిని పిలవాలంటే “ఇదిగో, మిమ్మల్నే” అనేవారు. ఎదురుగా ఇద్దరు మగవాళ్ళుంటే ఇద్దరూ తిరిగి చూసేవారు. ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఆ అలవాటు వీలునామాలోకి కూడా వచ్చాక నాకు నవ్వు రాలేదు.

మామయ్యగారిది పిండిమర. అమలాపురం నుంచి ఓడలరేవు వెళ్ళే దారిలో మా ఊరి దగ్గర ఆటోలు ఆగేచోట ఒక రేకుల షెడ్డు, వెనకాలే ఇల్లు. మధ్యలో ఒక కొబ్బరిచెట్టు, ఒక కుళాయి. ఉన్నది ఒక్క మరే కాబట్టి ఏది ముందు ఆడించాలి, ఏది తర్వాత ఆడించాలి అన్నదే ఆయన చదువంతా. పొద్దున్నే బియ్యం, తర్వాత గోధుమలు, మినుములు, మధ్యాహ్నం దాటాక పసుపు, అన్నిటికన్నా ఆఖర్న కారం. మర్నాడు మొదట గుప్పెడు నూకలు వేసి రాళ్ళు శుభ్రం చేసేవారు. ఆ ఎర్రటి నూక కోళ్ళకి వేస్తే కోళ్ళు కూడా మా వంక అదోలా చూసి వెళ్ళిపోయేవి.

అక్కడా పేర్లు లేవు. వచ్చిన ప్రతి డబ్బా మీదా సుద్దముక్కతో ఏదో ఒకటి రాసేవారు. ‘నీలం గేటు.’ ‘చర్చి వెనక.’ ‘మెత్తగా.’ ‘రేపంటారు, ఇవాళే వస్తారు.’ ఒకసారి ఒక డబ్బా మీద ‘గొడవావిడ’ అని రాశారు. ఆవిడ స్వయంగా వచ్చి, చదువుకుని, ఆ మాట నిలబెట్టుకున్నారు. “శుభ్రంగా పేరు రాయొచ్చు కదండీ మామయ్యగారూ” అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. “పేరు రాస్తే ఎవరో ఎలా తెలుస్తుందమ్మా?” అన్నారాయన. దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు ఇంకా పుట్టలేదు.

నేను మరలోకి వచ్చింది అనుకుని కాదు. పెళ్ళయిన కొత్తలోనే మా ఆయన కువైట్ వెళ్ళారు. నేను డిగ్రీ చేసి, బ్యాంకు పరీక్షలు రాసి రాసి విసిగిపోయి ఉన్నాను. ఒకరోజు మామయ్యగారికి నడుం పట్టేస్తే, ఒక్క పూటే కదా అని డబ్బా ఎత్తి తొట్టిలో పోశాను. ఆయన నడుం వారంలో బాగైంది. డబ్బాలు ఎత్తడం మాత్రం శాశ్వతంగా నాకే దఖలు పడింది. కానీ నిజం చెప్పాలంటే నాకు ఆ పని నచ్చింది. గుడ్డ గొట్టంలోంచి దిగే వెచ్చటి పిండిని బొటనవేలితో రాసి చూసి, బరకగా ఉందో మెత్తగా ఉందో చెప్పడం వచ్చింది. రాళ్ళు అరిగితే చప్పుడు మారుతుందని తెలిసింది. ఏ పరీక్షా నన్ను తీసుకోలేదు, ఈ మర తీసుకుంది. మామయ్యగారి తర్వాత ఇది నేనే నడపాలని మనసులో గట్టిగా అనుకున్నాను, పైకి ఎవరితోనూ అనలేదు.

మర తిరుగుతుంటే మాట వినపడదు. మేమిద్దరం సైగలతోనే సరిపెట్టుకునేవాళ్ళం. ఆయన గొంతెత్తి అరిచే మాట ఒక్కటే. “అమ్మాయ్!” దాహం వేస్తే అమ్మాయ్. టీ కావాలంటే అమ్మాయ్. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోతే అమ్మాయ్. నేను చేతులు దులుపుకుని ఇటు తిరిగేసరికి అత్తయ్యగారు గ్లాసుతో ప్రత్యక్షం. పిలిచేది నన్ను, తెచ్చేది ఆవిడ. ఇంత చిన్న పనిలో కూడా కోడలికి మంచిపేరు రానివ్వరు కదా అని నాకు ఒళ్ళు మండేది.

“నేను తెస్తాను కదా అత్తయ్యగారూ!”

“నీ చేతుల నిండా పిండేనాయె, నువ్వేం తెస్తావు?” అనేవారు.

అది నిజమే. నిజమైనంత మాత్రాన కోపం రాకూడదని ఎక్కడుంది?

చలికాలం వెళ్ళిపోతుండగా మామయ్యగారు నిద్రలోనే పోయారు. మా ఆయనకి సెలవు దొరకలేదు. తండ్రి కర్మ ఫోనులో చూశారు. పెద్దకర్మ అయిన మర్నాడు చర్చి వీధిలో ఉండే రిటైరైన హెడ్మాస్టరుగారు ఒక కవరు పట్టుకుని వచ్చారు. మామయ్యగారు తన చేత్తో వీలునామా రాసుకున్నారట. మాస్టారూ, వారి తమ్ముడూ సాక్షులట. ఈ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. అరుగు మీద అందరం కూర్చున్నాం. మాస్టారు గొంతు సవరించుకుని చదివారు.

“ఇల్లు పెద్దాడికీ చిన్నాడికీ చెరిసగం. కాలవ గట్టు తోట రాజోలువారికి. మోపెడ్డు చిన్నాడికి. షెడ్డు, మర, మోటారు, కాటా, డబ్బాలు అమ్మాయికి. ఎవరూ తగువు పడకండి.”

అంతే. కింద సంతకాలు.

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మాయికి అని రాశారు. రోజంతా నోరారా పిలిచిన పిలుపే కాగితం మీద కూడా పెట్టారు. ఆ నీళ్ళు నా చెంప మీదకి దిగేలోపే పక్కనుంచి మా వదినగారు “నాన్న నన్ను మర్చిపోలేదు!” అని భోరుమన్నారు. నేను కొంగు కళ్ళదాకా తీసుకెళ్ళి ఆపేశాను.

“వదినగారూ, మీకు తోట రాసేరు కదండీ” అన్నాను వీలైనంత మెల్లగా.

“తోట నాకెక్కడిదమ్మా? రాజోలువారికి అన్నారు. రాజోలువారంటే మా ఆయన. నన్నెవరైనా రాజోలువారంటారా? మా నాన్నకి అమ్మాయి నేను కాక ఎవరు?”

“రోజూ మామయ్యగారు అమ్మాయ్ అని పిలిచేది నన్నండి. ఊరందర్నీ అడగండి.”

“కోడల్ని మర్యాదకి అలా పిలుస్తారు. కాయితం మీద రాసినప్పుడు అమ్మాయంటే కన్న కూతురే. నీకు పెద్దాడి సగం ఇల్లు వచ్చింది కదా!”

చూశారా, ఆవిడకి రాసింది వాళ్ళాయనదట, మా ఆయనకి రాసింది నాదట. ఆవిడ చెడ్డమనిషి కాదు. నా పురుళ్ళప్పుడు నెలేసి రోజులు వచ్చి చేసి వెళ్ళారు. కానీ ఆ రోజు అరుగు మీద ఆవిడ తర్కం వింటుంటే అరికాలి మంట నెత్తికెక్కింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక మాస్టారి మీదకి తిరిగాను.

“మాస్టారూ, ఏ అమ్మాయని మీరైనా అడగొద్దాండీ?”

“ఆయ్, అడగలేదండి. మీ ఇంటి సంగతి మీకు తెలుస్తుంది కదండీ. ఒత్తులు మాత్రం దిద్దేనండి.”

కాగితం తీసుకుని చూశాను. నిజమే. ‘ఇల్లు’, ‘గట్టు’, ‘డబ్బాలు’ అన్నీ ఎర్రసిరాతో చక్కగా దిద్ది ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి ఒక వీలునామా చేతిలోకి తీసుకుని అందులో అక్షరదోషాలు చూశాడు తప్ప మనుషులు కనపడలేదు. ఇంకేం అనను?

మర్నాడు పొద్దున్న షెడ్డు దగ్గరికి వెళ్తే నా తాళం పక్కన ఇంకో కొత్త తాళం వేలాడుతోంది. వదినగారు వేసి రాజోలు వెళ్ళిపోయారు. షెడ్డుని రొయ్యల మందుల కొట్టుకి అద్దెకిస్తారట. ఉప్పలగుప్తంలో ఎవరితోనో మాట్లాడారు కూడా. మరి మర? ఇనుం కొనేవాళ్ళు వచ్చి చూసుకుంటారట. ఆ మాట ఫోనులో విన్నాక నాకు అన్నం సయించలేదు. ఆ మరని ముక్కలుగా ఊడదీసి ఆటో మీద వేసుకుపోతుంటే అరుగు మీద నిలబడి చూడ్డం నా వల్ల కాదు.

ఎండలు ముదిరాయి. ఆవకాయ రోజులు వచ్చాయి. పిండిమరకి ఏడాదంతా ఒకెత్తు, ఆ కొన్ని వారాలు ఒకెత్తు. ఎండబెట్టిన మిరపకాయల సంచులు పట్టుకుని జనం రావడం, రెండు తాళాలు చూడ్డం, “ఎప్పుడు తీస్తారమ్మా?” అని అడగడం, నేను “తెలీదండీ” అనడం, వాళ్ళు అదే ఆటోలో అమలాపురం వెళ్ళిపోవడం. ఆ ‘గొడవావిడ’ కూడా వచ్చి, తాళాలు చూసి, ఒక్క మాటైనా అనకుండా వెనక్కి వెళ్ళిపోయారు. దానికి నాకు వచ్చినంత ఏడుపు ఇంక దేనికీ రాలేదు.

మా ఆయనకి ఫోను చేస్తే, “పోనీ వదిలెయ్యి. అక్కతో గొడవెందుకు? నేను పంపుతున్నాను కదా, నీకేం లోటు?” అన్నారు. ఏం లోటో చెప్పడానికి ఫోనులో ఎంతసేపు పడుతుందో లెక్కేసుకుని కట్ చేశాను. మరిదిని అడిగితే, “నన్నెందుకు లాగుతావు వదినా? నాది మోపెడ్డని క్లియర్‌గా రాసేరు కదా” అని దానిమీదే ఎక్కి వెళ్ళిపోయాడు. ఆ ఇంట్లో ఒక్క మోపెడ్డుకే పేరుంది.

ఇంత జరుగుతున్నా అత్తయ్యగారు నోరు విప్పలేదు. పెరటి గుమ్మంలో కూర్చుని చింతపండులో గింజలు తీసేవారు. అది అయిపోతే ఇంకో చింతపండు ముద్ద తెచ్చుకునేవారు. నా వైపు మాట్లాడరు, కూతురి వైపు మాట్లాడరు. ఆవిడ మౌనం చూస్తే నాకు ఇంకా చిర్రెత్తుకొచ్చేది. ఇన్నేళ్ళు నా పక్కన నిలబడి గ్లాసులు అందించిన మనిషికి, ఆయన ఎవర్ని పిలిచేవారో తెలీదా?

చివరికి నేనే వదినగారికి కబురు పెట్టాను. మాస్టార్ని మళ్ళీ రప్పించాను. మా ఆయన్ని వీడియో కాల్‌లో పెట్టి ఫోనుని మంచినీళ్ళ చెంబుకి ఆనించాను. ఈ సంగతి తేలిందాకా ఎవరూ అరుగు దిగకూడదన్నాను. అందరూ సరేనన్నారు. తర్వాత ఎవరి పాట వాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారు. కూతురంటే కన్నపేగు అని ఆవిడ. మరలో చెమటోడ్చింది ఎవరని నేను. ఆఖరికి వదినగారు విసుగెత్తి వెనక్కి తిరిగారు.

“అమ్మా, ఆ చింతపండు పక్కన పెట్టి నువ్వే చెప్పు. నాన్న అమ్మాయంటే ఎవరు?”

“నేనే” అన్నారు అత్తయ్యగారు.

ఎవరికీ అర్థం కాలేదు.

“వేళాకోళాలు తర్వాతే అమ్మా. ఇక్కడ తలలు పగిలిపోతన్నాయి.”

“వేళాకోళం ఏవుందే ఇందులో? అమ్మాయంటే నేను. ఈ ఇంటికి వచ్చేసరికి నాకు ఇంకా చీర కట్టడం కూడా సరిగ్గా రాదు. మీ మామ్మ నన్ను అమ్మాయ్ అని పిలిచేది. పెద్దవాళ్ళ ముందు పెళ్ళాన్ని పేరు పెట్టి పిలవడానికి ఆయనకి సిగ్గు. వాళ్ళమ్మ పిలుపే ఆయనా అందుకున్నారు. తర్వాత అత్తగారు పోయేరు, పిలుపు ఉండిపోయింది. మళ్ళీ మార్చుకోడానికి తీరికేదీ?”

“మరి నన్ను?” అన్నారు వదినగారు.

“నిన్ను తల్లీ అనేవారు. మర్చిపోయేవా?”

వదినగారు మర్చిపోలేదు. ఆవిడ మొహం చూస్తేనే తెలిసింది. చెంబుకి ఆనించిన ఫోనులో మా ఆయన కదలకుండా ఉన్నారు. సిగ్నల్ ఆగిందో ఆయనే ఆగిపోయారో తెలియలేదు. ఇంతలో మాస్టారు తాపీగా తలూపారు.

“ఆయ్, అంతేనండి. ఆ రోజు సంతకాలయ్యేక ‘అమ్మాయ్, మాస్టారికి కాఫీ’ అని కేకేసేరండి. ఈవిడే తెచ్చేరు. పంచదార కాస్త ఎక్కువైందండి.”

“ఈ ముక్క మొన్న చెప్పొచ్చు కదండీ మాస్టారూ!” నా గొంతు వీధిలోకి వినపడి ఉంటుంది.

“మీరు కూతురా కోడలా అని వాదించుకున్నారండి. మూడోవారున్నారని అనలేదు కదండీ.”

 ఆ కాగితాన్ని నేను ఎన్నిసార్లు చదివానో. వదినగారు ఫొటో తీసుకుని వెళ్ళి రాజోల్లో ప్లీడరుకి చూపించారు. ఇల్లు కొడుకులకి, తోట అల్లుడికి, మోపెడ్డుకి కూడా ఒక మనిషి. భార్యకి ఏం రాశారు అని ఒక్కళ్ళమైనా, కనీసం ఒక్కళ్ళమైనా, అడగలేదు. ప్లీడరు కూడా అడగలేదట. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు ఇంకోటి కూడా గుచ్చుకుంది, అది అడక్కుండా ఉండలేకపోయాను.

“అయితే అత్తయ్యగారూ, మరలో ఉన్నప్పుడు మామయ్యగారు నన్నేమని పిలిచేవారండీ?”

ఆవిడ ఆలోచించారు. నిజంగానే ఆలోచించారు.

“నిన్ను పిలవలేదమ్మా. నువ్వు పక్కనే ఉండేదానివి కదా. ఇక పిలవాల్సిన పనేవుంది?”

ఇన్నేళ్ళూ పిలుపు నాది, గ్లాసు ఆవిడది అనుకుని కోప్పడ్డాను. పిలుపూ ఆవిడదే. ఇంటివైపు మొహం పెట్టి అరిచేవాడు పాపం, నా వీపు వెనక నుంచి. మనసుకి కష్టంగానే అనిపించింది. ఆవిడన్న మాటలో ఎంత దగ్గరితనం ఉందో తెలిసి కూడా కష్టంగానే అనిపించింది. ఒక్కసారైనా పిలిచి ఉండొచ్చు కదా ఆ మనిషి.

“ఇంతకీ నీకు మరెందుకే అమ్మా? మంచినీళ్ళ బిందె ఎత్తలేవు” అన్నారు వదినగారు, ఈసారి గొంతు తగ్గించి.

“నాకెందుకో ఆయనకి తెలుసు, ఇచ్చేరు. నువ్వు ముందు ఆ తాళం తియ్యి. కారం వాళ్ళు వెనక్కి పోతన్నారు.”

వదినగారు బొడ్లోంచి తాళంచెవి తీశారు. రెండు తాళాలూ ఊడాయి. అత్తయ్యగారు లోపలికి వచ్చి, మామయ్యగారి స్టూలు మీద దుమ్ము కొంగుతో తుడిచి, కూర్చుని, చెయ్యి చాపారు. ఏం కావాలో అర్థమై సుద్దముక్క ఇచ్చాను.

“ముందు గుప్పెడు నూకలు వెయ్యి” అన్నారు. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న పని నాకే చెప్పారు. సరేనండీ అన్నాను. ఇంకేం చేస్తాను, యజమానురాలు కదా.

ఆ రోజు నుంచి డబ్బాల మీద రాసేది ఆవిడే. మామయ్యగారి రాతకన్నా ఘోరం. ‘మొన్నొచ్చినావిడ’ అని రాస్తారు. మొన్న వచ్చినవాళ్ళు పదిమంది ఉంటారు. మర ఆవిడది, ఆ పదిమందికీ సర్దిచెప్పాల్సింది నేను. ఇంటికి వస్తే మా ఆయన ఫోనులో, “అమ్మ బాగా చూసుకుంటోందా మరని?” అని అడుగుతారు.

ఆవకాయ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం. మర మంచి ఊపు మీద ఉంది, కారం ఆడుతోంది, నా ముక్కుకి గుడ్డ కట్టి ఉంది. ఆటో దిగిన ముసలావిడెవరో సంచితో గుమ్మంలో నిలబడి, హోరులో వినపడాలని గొంతు చించుకుని అరిచింది.

“అమ్మాయ్!”

అలవాటుగా తిరిగాను. నాకంటే ముందే అత్తయ్యగారు స్టూలు మీంచి లేచి నిలబడి ఉన్నారు. సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. మొహం ఇంటివైపు కాదు, లోపలికి, మామయ్యగారు నిలబడేచోటికి తిరిగి ఉంది.

“మిమ్మల్ని కాదండీ, మీ కోడల్ని. నాలుగు కేజీలుంది, ఇవాళ అవుద్దా?” అంది ముసలావిడ.

“ఆయ్, తెలుసండీ. కూర్చోండి” అన్నారు అత్తయ్యగారు. కానీ ఆవిడ కూర్చోలేదు. లేచారు కనక వెళ్ళారు. కుళాయి దాటి ఇంట్లోకి వెళ్ళి, మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని వచ్చారు. వచ్చాక దాన్ని ఎవరికివ్వాలో తెలియక మర దగ్గర నిలబడ్డారు. ముసలావిడ చెయ్యి చాపబోయింది కూడా. నాకు ఒళ్ళు మండిపోయింది. కారం వల్ల కాదు. వీలునామాలో మర రాశాడు, షెడ్డు రాశాడు, కాటా రాశాడు, ఈ గ్లాసు ఎవరికో రాయకుండా పోయాడు ఆ మహానుభావుడు.

మర ఆపి, ముక్కు గుడ్డ కిందికి లాగి, చేతులు చూపించాను. రెండూ మోచేతులదాకా ఎర్రగా ఉన్నాయి.

“నేనెలా పట్టుకుంటానండీ అత్తయ్యగారూ?”

“నోరు తెరు” అన్నారు.

ఆవిడ ఎత్తిపోస్తుంటే తాగాను.